పంటి నొప్పా, పన్ను నొప్పా?

మన క్లబ్ మీటింగుల్లో ఒక రూల్ ఉంది కదా, మాటల మధ్యలో ఇంగ్లీషు ముక్క దొర్లితే పది రూపాయల ఫైన్. డబ్బా నిండితే సమోసాలు. సమోసాల మీద నాకేం కంప్లైంట్ లేదు. రూల్ మీద ఉంది. మనం ఫైన్ వేస్తున్నది తప్పు చోట అని నా వాదన. తెలుగుకి ఎక్కడ దెబ్బ తగులుతోందో అక్కడ డబ్బా పెట్టలేదు, తగలని చోట పెట్టి కూర్చున్నాం.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే. మనలో చాలామంది అంతే. అందుకే ఈ విషయం మనమే మాట్లాడుకోవాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఈ సమస్య ఇంత బాగా కనిపించకపోవచ్చు.

ముందు రూల్ వెనకున్న లాజిక్ చూద్దాం. బయటి మాట వస్తే తెలుగు పాడవుతుంది, కాబట్టి బయటి మాటని ఆపాలి. సరే. అయితే మన ఊరి పేరుతోనే మొదలుపెడదాం. రాజమహేంద్రవరం. రాజ, మహా, ఇంద్ర, వరం, నాలుగూ సంస్కృతమే. అందులో "రాజ" అనే మాటకి చుట్టాలు ఎక్కడున్నారో తెలుసా? ఐర్లండ్‌లో. అక్కడి భాషలో రాజుని "రీ" అంటారు. రెండూ ఒకే పాత మాట నుంచి వచ్చాయి. రోమన్లతో పోరాడిన వెర్సింగెటోరిక్స్ పేరు చివర ఉన్న "రిక్స్" కూడా అదే రాజు. వీరేశలింగం గారి పేరులో ఉన్న "వీర"కి ఐరిష్‌లో చుట్టం "ఫ్యార్", అంటే మగవాడు. మధు అనే మాట వేల్స్‌లో "మెద్", రష్యాలో "మ్యోద్". నభస్సు అంటే ఆకాశం కదా, రష్యన్‌లో ఆకాశం "నేబొ". ఏకవచనంలో చివరి "స" రాలిపోయింది కానీ బహువచనంలో "నెబెసా" అని ఇప్పటికీ బతికే ఉంది.

అంటే మనం "రాజు" అన్న ప్రతిసారీ ఒక ఐరిష్ మాటకి పెదనాన్న కొడుకుని పిలుస్తున్నట్టు. దానికి పది రూపాయలు వెయ్యాలా? ఎవరూ వెయ్యరు. ఎందుకంటే రాజు మనవాడైపోయాడు. ఎప్పుడైపోయాడు? "రాజులు, రాజుకి, రాజుతో, రాజుగారి" అని మనం వాడిని మన పద్ధతిలో తిప్పడం మొదలుపెట్టిన రోజున.

సంస్కృతం ఒక్కటేనా అంటే కాదు. డెల్టాలో పుట్టినవాడు "లాకులు" అనే మాట లేకుండా అడ్రస్ చెప్పలేడు. లాకుల దగ్గర దిగు, లాకులు దాటాక ఎడమవైపు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, కాలువలు తవ్వారు, పడవలు ఎక్కిదిగడానికి లాకులు కట్టారు. ఇంగ్లీషు "లాక్" అలా మన కాలవగట్టు మీదకొచ్చి చివర ఒక "ఉ" తగిలించుకుని "లాకు" అయింది, బహువచనంలో "లాకులు" అయింది. ఆ లాకుల తలుపులు చూసుకునే లస్కరు పేరు పారసీ నుంచి వచ్చింది. కట్టిన మేస్త్రి పోర్చుగీసు. ఆ మేస్త్రి చొక్కా ఇస్త్రీ కూడా పోర్చుగీసే. రివర్సులో చూస్తే, మన ఆనకట్టకి తమిళ చుట్టమైన అణైక్కట్టు ఇంగ్లీషులోకి వెళ్ళి "అనికట్" అయింది. ఇంగ్లీషువాళ్ళు దానికి చివర ఒక "స్" పెట్టుకుని తమదనుకున్నారు.

రాజమండ్రిలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ కూడా ఈ సంగతి గమనించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆనకట్ట పూర్తయిన 1852లోనే వచ్చింది. రెండేళ్ళ తర్వాత, 1854లో, తెలుగులో వాడే అన్యభాషా పదాలకి విడిగా ఇంకో నిఘంటువు వేశాడు. అంటే ఆ రోజుల్లోనే బయటి మాటలు ఒక పుస్తకానికి సరిపడా ఉన్నాయి. తెలుగు చచ్చిపోయిందా? లేదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే 1816. ఆ ఒక్క ఏడాదిలో రెండు విషయాలు జరిగాయి. ఫ్రాంజ్ బాప్ అనే జర్మన్ కుర్రాడు (అప్పటికి పాతికేళ్ళు, మనకంటే ఐదారేళ్ళే పెద్ద) సంస్కృత క్రియల రూపాలని గ్రీకు, లాటిన్, పారసీ, జర్మన్ రూపాల పక్కన పెట్టి పుస్తకం రాశాడు. ఇక్కడ మద్రాసులో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలా ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ ఒక నోట్ రాశాడు. తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా, తెలుగు ధాతువులు తమిళ, కన్నడ ధాతువులతో కలుస్తాయని, కాబట్టి తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం ఇంకా నలభై ఏళ్ళకి గానీ రాలేదు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా ఇద్దరి దగ్గరా ఒక పాఠం ఉంది. భాష ఏ ఇంటిదో తెలుసుకోవాలంటే అరువు తెచ్చుకున్న సామాను లెక్కపెట్టకూడదు. పునాది చూడాలి.

పునాది అంటే ధాతువులు, విభక్తులు, బహువచనాలు, మాట తిరిగే పద్ధతి.

ఇప్పుడు టెన్త్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన గసడదవాదేశ సంధి గుర్తు తెచ్చుకోండి. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయ. రెండో మాట మొదటి అక్షరం మారిపోతోంది. త కాస్తా ద, క కాస్తా గ. "ఇదేం పనికొస్తుందిరా" అనుకుంటూ రాసేశాం కదా. వేల్స్‌లో పిల్లలు రోజూ ఇదే పని చేస్తారు. వెల్ష్‌లో పిల్లిని "కాథ్" అంటారు. "అతని పిల్లి" అనాలంటే "ఇ గాథ్". "ఆమె పిల్లి" అనాలంటే "ఇ ఖాథ్". రెండింటిలోనూ "ఇ" ఒక్కటే, స్పెల్లింగ్ కూడా ఒక్కటే. పిల్లి అతనిదో ఆమెదో తెలిసేది పిల్లి మొదటి అక్షరాన్ని బట్టే!

ఎందుకిలా? పూర్వం "అతని" అనే మాట అచ్చుతో ముగిసేది, "ఆమె" అనే మాట "స్"తో ముగిసేది. ఆ చివరి శబ్దాలు కాలక్రమంలో రాలిపోయాయి. కానీ రాలిపోయేముందు పక్క మాటని తాకి వెళ్ళాయి. ఆ తాకిడి మిగిలింది. "నా పిల్లి" అనేటప్పుడు ముక్కుతో పలికే "ఙాథ్" అవుతుంది, ఎందుకంటే పాత "నా"లో చివర నకారం ఉండేది. మన ద్రుతం కూడా ఇలాంటి పనే చేస్తుంది. పూచెను, కలువలు కలిసినప్పుడు నకారం తాకి క కాస్తా గ అవుతుంది. సరళాదేశ సంధి. వాళ్ళకీ మనకీ చుట్టరికం ఏమీ లేదు. కానీ మాటలు పక్కపక్కన కూర్చున్నప్పుడు నోరు చేసే పని ఎక్కడైనా ఒకటేనేమో అనిపిస్తుంది.

ఈ మొదటి అక్షరం గొడవ వల్ల కెల్టిక్ భాషలు అసలు సంస్కృతం, గ్రీకుల కుటుంబానివేనా అని చాలాకాలం పండితులకి డౌటు. ఆ డౌటు తీర్చినవాళ్ళలో మన బాప్ కూడా ఉన్నాడు, 1838లో. ఎలా తీర్చాడంటే, ఇందాక చెప్పిన రాలిపోయిన చివరి శబ్దాలని పట్టుకునే.

ఇక స్లావిక్ వైపు. మనం సిగ్గుపడే విషయం ఒకటుంది. "అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, నాన్న వచ్చాడు." ఏకవచనంలో మగవాడు ఒక పక్క, మిగతా ప్రపంచమంతా ఇంకో పక్క. నార్త్ ఇండియా ఫ్రెండ్స్ విని నవ్వుతారు. పోలిష్ భాషలో దాదాపు ఇదే పని బహువచనంలో జరుగుతుంది. గుంపులో ఒక్క మగమనిషి ఉన్నా "ఓని బిలి", వాళ్ళు ఉండేవారు. అందరూ ఆడవాళ్ళే అయినా, పిల్లులైనా, కుర్చీలైనా "ఓనె బివి". మనం బహువచనంలో మారిపోతాం, మనుషులందరూ "వచ్చారు", మిగతావి "వచ్చాయి". పైగా మనకి ఒక తప్పించుకునే దారి కూడా ఉంది. "మా అమ్మగారు వచ్చారండి" అన్నామంటే గౌరవ బహువచనం అమ్మని ఆవు పక్కనుంచి లేపి నాన్న పక్కన కూర్చోబెడుతుంది. మన గోదావరి వాళ్ళ మర్యాదలో ఇంత గ్రామర్ ఉందన్నమాట.

ఇప్పుడు మన ఫైన్ డబ్బాకి సూటిగా సంబంధించిన విషయం. పందొమ్మిదో శతాబ్దంలో చెక్‌వాళ్ళు జర్మన్ ప్రభావం నుంచి బయటపడాలని కొత్త మాటలు బాగా ప్రచారంలోకి తెచ్చారు. థియేటర్‌ని వాళ్ళు "దివాద్లో" అంటారు. చూడటం అనే అర్థం నుంచి వచ్చిన సొంత మాట. రష్యన్లు అంత కష్టపడలేదు, "తెయాత్ర్" అనేశారు. నాటకంకి వెళ్తే చెక్‌వాడు "వ్ దివాద్లె" అంటాడు, రష్యావాడు "వ్ తెయాత్రె" అంటాడు. ఒకడిది సొంత మాట, ఇంకొకడిది అరువు మాట. కానీ ఇద్దరూ దాన్ని తమ విభక్తిలో తిప్పారు. ఏ భాషకీ ఏమీ కాలేదు. అదే రష్యన్‌లో "మెత్రొ", "కినో" లాంటి కొన్ని అరువు మాటలు ఏ విభక్తికీ లొంగవు. వందేళ్ళయినా అతిథుల్లాగే ఉండిపోయాయి.

మన మాటల్ని ఇదే దృష్టితో చూడండి. క్లబ్బులో ఇంటర్నెట్ అంటే ఫైన్, అంతర్జాలం అంటే చప్పట్లు. కానీ "ఇంటర్నెట్లో", "అంతర్జాలంలో", రెండిట్లోనూ చివర తగిలింది అదే "లో". పైగా అంతర్జాలం సంస్కృతం. ఒక అరువు మాట తీసేసి ఇంకో అరువు మాట పెట్టాం, వ్యాకరణంలో పైసా లాభం లేదు. నేను అంతర్జాలం అనేవాళ్ళని వద్దనట్లేదు, వినడానికి బావుంటే అనండి. దానితో భాషని కాపాడేశాం అనుకోకండి, అంతే.

మరి దెబ్బ ఎక్కడ తగులుతోంది?

ఒక చిన్న పరీక్ష. ఇల్లు, బిల్లు. ప్రాస బాగా కుదిరింది కదా. ఇప్పుడు తిప్పండి. ఇళ్ళు, బిల్లులు. ఇంట్లో, బిల్లులో. బిల్లుని "బింట్లో" అనం. కన్ను, పెన్ను. కళ్ళు, పెన్నులు. కంట్లో, పెన్నులో. ఊరు, కారు. ఊళ్ళు, కార్లు. కారుని కూడా ఊరులాగే తిప్పితే పార్కింగులో కాళ్ళు మిగులుతాయి. ఇంగ్లీషులో "ఆక్స్" అంటే "ఆక్సెన్" కానీ "బాక్స్" అంటే "బాక్సెస్" అన్నట్టే.

బయటినుంచి వచ్చిన మాట ఎప్పుడూ రెగ్యులర్‌గానే తిరుగుతుంది. పాత మాటలే వంకర తిరుగుతాయి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇ, టి, తి అనే మూడింటికీ ఔపవిభక్తికాలు అని పేరు పెట్టాడు. పేరు భయంకరంగా ఉంది గానీ విషయం మన నోట్లో రోజూ ఉన్నదే. ఊరు, ఊరి. ఇల్లు, ఇంటి. చెయ్యి, చేతి. ఏరు, ఏటి. వరదొచ్చినప్పుడు మనం కాపలా కాసే గట్టు ఏరుగట్టు కాదు, ఏటిగట్టు. బీరకాయ నెయ్యిబీర కాదు, నేతిబీర. నీళ్ళు తోడేది నుయ్యిలోంచి కాదు, నూతిలోంచి. పోలిష్‌వాళ్ళకి చెయ్యి "రెంకా", చేతిలో అనాలంటే "వ్ రెంత్సె". ప్రాగ్ నగరం చెక్‌వాళ్ళకి "ప్రాహా", ప్రాగ్‌లో అంటే "వ్ ప్రాజె". వాళ్ళూ మనలాగే మాట వెన్నెముకనే వంచుతారు.

ఇంకోటి గమనించండి. మన మాటల్లో ఇలా వంకర తిరిగేవి ఏవి? కన్ను, పన్ను, నోరు, గోరు, చెయ్యి, ఒళ్ళు, ఇల్లు, ఊరు, నుయ్యి, నెయ్యి, రాయి. ఒంటివి, ఇంటివి, వీధివి. ఇది యాదృచ్ఛికం కాదు. ప్రతి భాషలోనూ ఎక్కువగా వాడే మాటలే వంకరగా మిగులుతాయి, ఎందుకంటే రోజూ వినడం వల్ల ఆ వంకర ఎవరూ మర్చిపోరు. ఇంగ్లీషులో కూడా "టూత్"కి "టీత్", "ఫుట్"కి "ఫీట్", "మేన్"కి "మెన్". అరుదుగా వాడే మాటకి అంత లగ్జరీ ఉండదు.

ఇప్పుడు ఇంగ్లీషు మీడియం ఇళ్ళలో పసిపిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో వినండి. "హ్యాండ్స్ వాష్ చేసుకో. టీత్ బ్రష్ చేశావా? ఐస్ క్లోజ్ చెయ్యి. మౌత్ ఓపెన్ చెయ్యి." ఇంగ్లీషు మొదట కూర్చున్నది సరిగ్గా ఆ వంకర మాటల సీట్లోనే. రౌటర్, కంపైలర్, సెమిస్టర్ లాంటి మాటలు ఖాళీ సీట్లో కూర్చున్నాయి. వాటి వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ "హ్యాండ్‌లో" వచ్చిన చోట "చేతిలో" లేచిపోయింది. చెయ్యి అనే మాట పుస్తకం చూసి ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. చేతి, చేతులు మాత్రం వింటేనే వస్తాయి.

మా పిన్ని కొడుకు ఆరో తరగతి. తెలుగు బాగానే మాట్లాడతాడు. "చెయ్యిలో ఏముంది?" అంటాడు, "ఇల్లులో ఎవరూ లేరు" అంటాడు. మొన్న "పన్ను నొప్పి" అన్నాడు. మా బాబాయి ఇన్‌కమ్ టాక్స్ కట్టే సీజన్ కాబట్టి ఇంట్లో అందరూ నవ్వారు. వాడికి అర్థం కాలేదు. పన్ను కట్టేదైతే పన్నులు, పన్ను నోట్లోదైతే పళ్ళు, పంటి. రెండు మాటల్నీ వేరు చేస్తున్నది ఆ తిప్పడం ఒక్కటే. వాడి తప్పేం లేదు. వాడి చెవిన పడలేదు, అంతే. తెలిసిన రూలుని తెలియని మాటకి అప్లై చేశాడు, మంచి ప్రోగ్రామర్ చేసే పనే అది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, నాకూ వచ్చింది. "భాష మారుతుంది బాబూ. చెయ్యిలో అంటే కొంపేం మునిగింది? గిడుగు రామమూర్తి పంతులు గారు ఇలాంటి వాదన మీదే కదా పోరాడారు. జనం ఎలా మాట్లాడితే అదే భాష అన్నారు. నువ్వు కొత్త గ్రాంథికవాదివా?" ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. 1919లో ఈ రాజమండ్రిలోనే వ్యావహారిక భాష కోసం సమాజం పెట్టారు, వీరేశలింగం గారే దానికి అధ్యక్షులు. కాబట్టి ఈ ఊళ్ళో ఉండి ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పించుకోలేం.

నా జవాబు ఇది. గిడుగు గారి గొడవ ఎవరూ మాట్లాడని రూపాల్ని పిల్లల నెత్తిన రుద్దడం మీద. నేను చెప్పే "ఇంట్లో, నూతిలో, ఒంట్లో" ఏ గ్రంథంలోంచీ తెచ్చినవి కావు. కోనసీమలో బడికి వెళ్ళని మా అమ్మమ్మ రోజూ అనేవి. గ్రాంథికమంటే జనం వదిలేశాక కూడా పుస్తకం పట్టుకు వేలాడేది. ఇవి జనం నోట్లో ఇంకా ఉన్నవి, మన తరానికి అందకుండా పోతున్నవి. వాడి వాడి మాట అరిగిపోతే అది మార్పు. వినే అవకాశమే లేక పోతే అది తెగిపోవడం. యాభై ఏళ్ళ తర్వాత తెలుగువాళ్ళంతా "చెయ్యిలో" అంటే అదే తెలుగు అవుతుంది, ఒప్పుకుంటా. కానీ "చేతిలో" విన్నాక వదిలేయడం వేరు, అసలు వినకపోవడం వేరు.

తెగిపోవడం ఎలా ఉంటుందో కెల్టిక్ వైపే చూడొచ్చు. ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న ద్వీపంలో మాంక్స్ భాషని చిన్నతనంలోనే సొంత భాషగా నేర్చుకున్న చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో చనిపోయాడు. అదృష్టం ఏంటంటే 1948లో ఐర్లండ్ నుంచి కొందరు రికార్డింగ్ సామాను వేసుకుని వెళ్ళి, మిగిలిన ముసలివాళ్ళ గొంతులు రికార్డు చేశారు. ఇప్పుడు ఆ ద్వీపంలో పిల్లలు మళ్ళీ మాంక్స్ నేర్చుకుంటున్నారంటే, డిక్షనరీలతో పాటు ఆ గొంతులూ కారణమే. డిక్షనరీలో మాట ఉంటుంది. అది పక్క మాట తాకినప్పుడు ఏమవుతుందో గొంతులో ఉంటుంది.

మనకి అంత ప్రమాదం లేదులే, కోట్లమంది ఉన్నాం అనొచ్చు. నిజమే. కానీ గోదావరికి ఎగువన, రంపచోడవరం, పోలవరం వైపు కోయవాళ్ళున్నారు. వాళ్ళ భాష మన తెలుగుకి దాయాది, వెల్ష్‌కి ఐరిష్ ఎలాగో అలా. పోలవరం ముంపులో ఊళ్ళు ఖాళీ చేసి కాలనీల్లోకి వస్తున్న కుటుంబాల్లో వాళ్ళూ ఉన్నారు. ఊరు కదిలితే ఏ మాట ఎవరితో మాట్లాడాలో కూడా కదిలిపోతుంది. ఆ ప్రాంతం నుంచి వచ్చి మనతో చదువుతున్నవాళ్ళు ఉంటే, మనం నేర్పేది కాదు, అడగాల్సింది చాలా ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. బయటి మాటని అరిగించుకునే శక్తి కూడా మనం వాడటం మానేస్తున్నాం. ఒకప్పుడు ఉర్దూ క్రియలు వస్తే తెలుగు వాటికి "ఇంచు" తగిలించి మింగేసింది. దబాయించు, ఉడాయించు, చలాయించు. రష్యన్లు గూగుల్‌ని "గూగ్లిత్" అని సొంత క్రియలా తిప్పుతారు, వెల్ష్‌వాళ్ళు ఫోన్ చెయ్యడాన్ని "ఫోనియో" అంటారు. మనం "గూగులించాను" అంటే నవ్వుతాం. దబాయించాను అంటే ఎవరూ నవ్వరు. లాకు, బస్సు, రోడ్డు అని చివర "ఉ" పెట్టి ఇంటివాళ్ళని చేసుకున్న భాష మనది. ఇప్పుడు "స్క్రీన్‌షాట్" దగ్గర ఎందుకో మొహమాటపడుతోంది. నన్నడిగితే స్క్రీన్‌షాట్లు అనడానికి సిగ్గుపడక్కర్లేదు. అలా అన్నప్పుడే అది తెలుగు మాట అవుతుంది.

కోడింగ్ చేసేవాళ్ళకి ఇది ఊరికే సెంటిమెంట్ కాదు. ఏదైనా తెలుగు పేజీలో "ఇల్లు" అని సెర్చ్ కొట్టండి. ఇంట్లో, ఇంటికి, ఇళ్ళు ఒక్కటీ దొరకదు. "గాథ్" కనిపిస్తే డిక్షనరీలో "క" కింద వెతకాలని వెల్ష్ పిల్లాడికి తెలిసినట్టు, "ఇంటి" కనిపిస్తే "ఇల్లు" దగ్గరికి వెళ్ళాలని మెషీన్‌కి ఎవరో చెప్పాలి. చెప్పేవాడికి ముందు తెలిసుండాలి. ఆ చెప్పేవాళ్ళు మన బ్యాచ్‌లోంచే రావాలి, ఇంకెక్కడినుంచి వస్తారు?

కాబట్టి నా ప్రపోజల్. ఫైన్ డబ్బా తీసెయ్యక్కర్లేదు, రేటు మార్చండి. కంపైలర్, రౌటర్, అసైన్‌మెంట్ అంటే జీరో. హ్యాండ్, టీత్, హౌస్ అంటే పది. చెయ్యిలో, ఇల్లులో అంటే ఫైన్ వద్దు, సరైన రూపం పక్కవాడు చెప్పాలి, చెప్పలేకపోతే వాడు కట్టాలి. రెండోది, సంక్రాంతికి ఇళ్ళకి వెళ్ళినప్పుడు అమ్మమ్మల దగ్గర, తాతయ్యల దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చెయ్యండి. కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చెయ్యకండి, వాళ్ళు గట్టిగా బిగుసుకుపోయి పుస్తకం తెలుగు మాట్లాడతారు. నూతి గురించి, వరదల గురించి, ఏటిగట్టు గురించి అడగండి, అవే వస్తాయి. వచ్చాక ఒక షీట్‌లో మూడు కాలమ్స్ పెడదాం. మాట, దాని బహువచనం, దానికి "లో" చేర్చిన రూపం. అర్థాలు డిక్షనరీల్లో ఉన్నాయి. మిగతా రెండు కాలమ్సే మనం నింపాల్సినవి.

అంత ఓపిక లేనివాళ్ళు కనీసం అటెండెన్స్ రిజిస్టర్ చూడండి. కందుకూరు నుంచి వచ్చినవాళ్ళు కందుకూరి, నండూరు నుంచి నండూరి, చివర పాడు ఉన్న ఊళ్ళ నుంచి పాటి. భమిడిపాటి, మొక్కపాటి. ఊరు పేరుకి "ఇ", "టి" తగిలి "ఆ ఊరివాళ్ళు" అన్న అర్థం వచ్చింది. పోలండ్‌లో టార్నోవ్ నుంచి వచ్చినవాడు టార్నోవ్‌స్కీ అయినట్టే. తెలుగు రాదని, మర్చిపోయామని అనుకునేవాళ్ళలో కూడా చాలామంది ఒక ఔపవిభక్తికాన్ని పేరు ముందు పెట్టుకుని, ఆధార్ కార్డులోనూ పాస్‌పోర్టులోనూ మోసుకు తిరుగుతున్నారు. దాన్ని మనం ఇల్లుపేరు అనం, ఇంటిపేరు అంటాం.